గేటు దాకా వచ్చి తెలుసుకున్నది

"నువ్వు ఏ డివిజన్‌కి నిలబడతా ఉండావు నాయనా?" గేటు సగం తీసి అడిగింది అవ్వ.

కార్పొరేషన్ ఎన్నికల్లో నేను నిలబడే డివిజన్ ఏదో చెప్పినా.

"అయితే మా ఓటు నీకు పడదే. మాది రోడ్డుకి అవతల డివిజన్."

పొద్దున 6 నుంచి ఆ వీధిలో 22 ఇళ్ళకి దణ్ణాలు పెట్టుకుంటా వచ్చినా. ఒక్కరూ చెప్పలేదు! అందరూ నవ్వతా "చూద్దాంలే" అన్నోళ్ళే. అవ్వ ఒక్కతే నిజం చెప్పింది.

తిరుపతిలో ఉండేది 50 డివిజన్లు. పుట్టి పెరిగిన ఊరే, అయినా నా డివిజన్ హద్దు నాకే తెలీదు. నా చిన్నప్పుడు ఇక్కడ చెనిక్కాయ చేలు. ఇప్పుడు అడ్రస్ అడక్కుండా నాలుగు వీధులు పోలేను.

ఇంట్లో ఆమెకి చెప్తే పగలబడి నవ్వింది. ముగ్గురు పిల్లలున్నోళ్ళు పోటీ చేయకూడదన్న రూలు 2024లో ఎత్తేసినప్పుడే ఆమెకి భయం పట్టుకుంది, ఈయన ఊరుకోడని.

అవ్వ మజ్జిగిచ్చి, "ఓటు లేకపోతే ఏమిలే, ఆ కాలవ మీద బండ ఇరిగిపోయుండాది, రాసుకో" అనింది.

రాసుకున్నా. నా లిస్టులో మొదటి పని, పక్క డివిజన్‌ది.