లైబ్రరీ నిధుల కోతపై ఎమ్మెల్యేకి ఉత్తరాలు: గుంటూరులో మేం చేసే పద్ధతి

గ్రంథాలయాలకు నిధులు తగ్గాయని జనం చేత ఎమ్మెల్యేకి రాయించాలంటే మేం ముందు తీయమనేది ఇంటిపన్ను రసీదు. అందులో లైబ్రరీ సెస్సుకు విడిగా ఒక వరుస ఉంటుంది. పన్ను రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం వసూలు చేసిన ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఇది కాక ప్రభుత్వ గ్రాంటు వేరు. ఈ రెండింట్లో ఏది తగ్గిందో తేల్చుకోకుండా "నిధులు పెంచండి" అంటే ఆ కాగితం ఎక్కడికీ కదలదు.

సెస్సు సంగతి సమాచార హక్కు దరఖాస్తుతో తేలుతుంది. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు, ఏ తేదీన? ఈ మూడే అడగాలి. మొదట్లో ఫిబ్రవరిలో పెట్టాం, జవాబు చేతికందేసరికి అసెంబ్లీ బడ్జెట్ సమావేశాలు అయిపోయాయి. ఇప్పుడు డిసెంబరులోనే పెడుతున్నాం.

గ్రాంటు కోసం బడ్జెట్ పుస్తకంలో 2205 పద్దు, కళలు-సంస్కృతి, తెరవాలి. దాని కింద 105 నంబరు పద్దు పబ్లిక్ లైబ్రరీలది. పాత అంచనా పక్కనే సవరించిన అంచనా ఉంటుంది. ఏడాది మధ్యలో పడిన కోత బయటపడేది అక్కడే. అంకెలు వేలల్లోనా లక్షల్లోనా అన్నది పేజీ పైభాగంలో చూసుకోవాలి. అది తప్పుగా రాస్తే మిగతా ఉత్తరం ఎవరూ నమ్మరు.

బడ్జెట్ పెట్టిన రోజుకీ డిమాండ్ల (శాఖలవారీగా ఖర్చుకు సభను అడిగే పద్దుల) మీద ఓటింగుకీ మధ్య ఉన్న రోజులే మనవి. తేదీ ఏటా ఒకటే కాదు: 2025లో ఫిబ్రవరి 28, అంతకుముందు, ఎన్నికల ఏడాది 2024లో, నవంబరు 11.

ఎక్కువమంది పొరపడేది అడిగే విషయంలోనే. రాజ్యాంగం 203వ అధికరణం కింద సభ ఒక గ్రాంటును తగ్గించగలదు, నిరాకరించగలదు, పెంచలేదు. కాబట్టి ఎమ్మెల్యే చేయగలిగిందే అడగాలి: "ఫలానా డిమాండు చర్చకొచ్చిన రోజు ఈ కోతకు కారణం సభలో అడగండి. ఏడాది మధ్యలో అదనంగా అడిగే అనుబంధ పద్దుల్లో పూడ్చమని మంత్రికి రాసి, మాకో నకలు ఇప్పించండి." పట్టభద్రుల ఓటు ఉన్నవాళ్లు కృష్ణా-గుంటూరు ఎమ్మెల్సీకి కూడా రాయాలి. శాసనమండలికి డిమాండ్లపై ఓటు లేదు గానీ ప్రశ్న వేసే హక్కు ఉంది.

ఉత్తరం ఒక్క పేజీ, సొంత దస్తూరీ. తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ 1914లో మన బెజవాడలోనే జరిగిందని రాయాలనిపిస్తుంది, నిజంగా గర్వపడే సంగతే. కానీ ఆ చోటు మీ వీధి లైబ్రరీకి ఇవ్వండి. పోటీపరీక్షల బీరువాలో ఏ ఏడాది పుస్తకాలున్నాయి, ఆగిపోయిన పత్రికలేవి, సాయంత్రం కుర్చీ దొరకక ఎంతమంది వెనుదిరుగుతున్నారు, ఇవి వెళ్లి చూసి రాయాలి. ఒకే జిరాక్సు మీద వంద సంతకాలు పెట్టిస్తే దాన్ని ఒక ఉత్తరంగానే లెక్కేస్తారు.

గుంటూరులో తూర్పు, పశ్చిమం అని రెండు నియోజకవర్గాలు. ఓటరు కార్డు వెనక చూసి గానీ పేరు రాయొద్దు. సభ నడిచే రోజుల్లో ఎమ్మెల్యే వెలగపూడిలో ఉంటారు, అందుకే పొద్దున్నే ఇంటి దగ్గర పీఏకి ఇస్తాం. రెండో ప్రతి మీద తేదీ వేయించి సంతకం తీసుకుంటాం. పదిహేను రోజుల తర్వాత ఆ ప్రతి చూపించి, మంత్రికి రాసిన లేఖ నకలు అడుగుతాం.