ఎన్నడూ నడవని అణుకేంద్రంలో

వియన్నా నుంచి డాన్యూబ్ నదికి ఎగువగా గంటలోపు ప్రయాణిస్తే త్స్వెంటెన్‌డార్ఫ్ వస్తుంది. నది ఒడ్డున పొలాల మధ్య భారీ కాంక్రీటు భవనం, పక్కన పొడవాటి గొట్టం. ఆస్ట్రియా కట్టుకున్న ఏకైక అణువిద్యుత్ కేంద్రం ఇదే. నిర్మాణం ముగిసినా ఒక్క యూనిట్ కూడా ఉత్పత్తి చేయలేదు. నడుస్తున్న కేంద్రమైతే సాధారణంగా సందర్శకులను రియాక్టర్ దరిదాపులకు రానివ్వరు. ఇక్కడ ఇంధనమే నింపలేదు కాబట్టి రేడియేషన్ లేదు. ముందుగా పేరు నమోదు చేసుకున్నవారిని దాని గుండెకాయ దాకా తీసుకువెళ్తారు. అణువిద్యుత్తు గురించి ఎంతో చదివాను కానీ, అది తయారయ్యే చోటును కళ్లారా చూసే అవకాశం మరెక్కడా దొరకదనిపించి వెళ్లాను.

హెల్మెట్ పెట్టుకుని ఇనుప మెట్లెక్కాం. పై అంతస్తు నుంచి తొంగి చూస్తే లోతైన ఉక్కు పాత్ర కనిపిస్తుంది. ఇంధన కడ్డీలు ఉండవలసింది అందులోనే. ఇది నీరు రియాక్టర్‌లోనే మరిగే రకం. యురేనియం పరమాణువులు చీలిపోతూ విడుదల చేసే వేడికి నీరు ఆవిరై నేరుగా టర్బైన్‌కు చేరుతుంది. పాత్ర పైభాగంలో ఆవిరి నుంచి తేమను వేరుచేసే పరికరాలు ఉంటాయి కనుక ఈ చీలికను (విచ్ఛిత్తిని) అదుపు చేసే నియంత్రణ కడ్డీలను కిందినుంచి పైకి నెడతారు. రియాక్టర్ అడుగున నిలబడి, తల మీద వరుసలు తీరిన ఆ కడ్డీల గొట్టాలను చూస్తుంటే ఇంజనీర్ల శ్రద్ధకు చేతులెత్తి మొక్కాలనిపించింది. ఎక్కడా కొలిమి లేదు, బొగ్గు గుట్ట లేదు. బయటి గొట్టం కూడా పొగ కోసం కాదు, భవనంలోని గాలిని వడపోసి వదలడానికి. ఒక్క గ్రాము యురేనియం-235 పూర్తిగా విచ్ఛిత్తి చెందితే దాదాపు 3 టన్నుల బొగ్గుతో సమానమైన వేడి వస్తుంది.

నిర్మాణం 1972లో మొదలైంది. కేంద్రాన్ని నడపాలా వద్దా అని 1978 నవంబర్ 5న ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే 50.47 శాతం మంది వద్దన్నారు. తేడా 30 వేల ఓట్లకు లోపే. అప్పటి ప్రభుత్వాధినేత, ఛాన్సలర్ బ్రూనో క్రైస్కీ ప్రాజెక్టును గట్టిగా సమర్థించారు. ఆయన మీద కోపంతో వ్యతిరేకంగా ఓటేసినవారూ ఉన్నారంటారు. ఏమైనా అది ప్రజాతీర్పు, దాన్ని గౌరవించాలి. కానీ దాని వల్ల గాలికి జరిగిన నష్టాన్ని లెక్క కట్టకుండా వదిలేయడం నాకు సమ్మతం కాదు.

మా బృందంలో ఒకావిడ వ్యర్థాల సంగతి అడిగారు. గైడ్ ఇంధనాన్ని నిల్వ చేసే కొలను వైపు చూపించారు. వాడేసిన ఇంధనం గట్టి పదార్థమే. ముందు కొన్నేళ్లు ఇలాంటి నీటిలో, తర్వాత మందపాటి పెట్టెల్లో ఉంచుతారు. ఫిన్లండ్‌లో 400 మీటర్లకు పైగా లోతున, కఠిన శిలలో శాశ్వత నిల్వ కేంద్రాన్ని తొలిచారు. వ్యర్థం ఎక్కడుందో, ఎంత ఉందో లెక్క ఉంటుంది. బొగ్గు కేంద్రం వదిలే వాయువుకు అలాంటి చిరునామా లేదు, దాన్ని మనమంతా పీల్చుకుంటాం.

చెర్నోబిల్, ఫుకుషిమా నా మనసులోనూ మెదిలాయి. ఆ రెండు ప్రమాదాలనూ కలుపుకుని వేసిన అంచనాల్లో కూడా, వంద కోట్ల యూనిట్ల విద్యుత్తుకు బొగ్గు వల్ల సుమారు 25 మరణాలు, అణువిద్యుత్తు వల్ల 0.03 మాత్రమే. ప్రమాదం వార్త అవుతుంది, పొగ వల్ల పోయే ప్రాణం వార్త కాదు.

నిర్మాణ వ్యయం, జాప్యం మాత్రం నిజమైన సమస్యలే. ఫిన్లండ్‌లోని ఓల్కిలువోటో అణుకేంద్రంలో మూడో రియాక్టర్ పనులు 2005లో మొదలైతే, పూర్తిస్థాయి ఉత్పత్తి 2023లో గానీ రాలేదు. అయినా ఒకసారి నిలబడ్డాక అది రాత్రీ పగలూ, గాలి వీచినా వీచకపోయినా విద్యుత్తు ఇస్తుంది. జలవిద్యుత్తు పుష్కలంగా ఉన్న ఆస్ట్రియాకూ ఈ నిలకడ అవసరమే. చలికాలంలో ఆల్ప్స్ మంచు గడ్డకట్టి నదులు సన్నబడతాయి.

తిరుగు దారిలో డ్యూర్న్‌రోర్ దగ్గర ఆగాను. కొద్ది కిలోమీటర్ల దూరమే. అణుకేంద్రం కోసం వేసిన విద్యుత్ లైన్లను వాడుకోవడానికి ఇక్కడ బొగ్గు కేంద్రం కట్టారు. 1987 నుంచి 2019 దాకా అది బొగ్గు మండించింది. కారులో కూర్చుని లెక్క వేసుకున్నాను. త్స్వెంటెన్‌డార్ఫ్ సామర్థ్యం 692 మెగావాట్లు. ఏడాదిలో 80 శాతం కాలం నడిస్తే సుమారు 485 కోట్ల యూనిట్లు. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2014 నివేదిక ప్రకారం గనుల నుంచి కూల్చివేత దాకా అన్నీ కలిపినా యూనిట్‌కు అణువిద్యుత్తు 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌తో సరిపెడుతుంది, ఇంచుమించు పవన విద్యుత్తుతో సమానంగా. బొగ్గుకు 820 గ్రాములు. అంత విద్యుత్తునూ బొగ్గుతో తీస్తే ఏటా దాదాపు 39 లక్షల టన్నులు అదనంగా గాలిలో కలుస్తాయి. ఆ కాంక్రీటు భవనం నడిచి ఉంటే ఆపగలిగేది అంత.