స్కాన్‌లో గడ్డ తగ్గితే స్టేజీ తగ్గినట్టేనా?

కడుపు క్యాన్సర్‌కు ఆపరేషన్ ముందు కీమో పూర్తయి, సీటీ స్కాన్ చేతికి రాగానే ఇంటిల్లిపాదీ అడిగేది ఒక్కటే: "స్టేజీ తగ్గిందా డాక్టరు గారూ?" ఆ మాట స్కాన్ తేల్చి చెప్పలేదు. మందుకు చచ్చిన కణాల చోట మచ్చ కడుతుంది, గోడ మందంగానే ఉండిపోతుంది. అది మచ్చో బతికున్న క్యాన్సరో సీటీకి తెలియదు, గొంతు గుండా గొట్టం దింపి లోపలి నుంచి చేసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ కూడా ఇక్కడ తడబడుతుంది. కడుపు చుట్టూ ఉండే లింఫు గ్రంథి మామూలు సైజుకు వచ్చినా అందులో బతికున్న కణాలు దాగి ఉండొచ్చు. కాలేయానికో, పొట్ట లోపలి పొరకో కొత్తగా పాకిందా, ఆపరేషన్‌కు వెళ్లొచ్చా అన్నది చూడటానికే ఆ స్కాన్ ముఖ్యంగా పనికొస్తుంది.

కీమో తర్వాత ఎండోస్కోపీ బయాప్సీలో ఏమీ లేదని వస్తే కొందరు ఆపరేషన్ మానేద్దామనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. పైపొర మానిపోయినా కండరం లోతులో క్యాన్సర్ మిగిలి ఉండొచ్చు, బయాప్సీ చిమటా అంత లోతుకు పోదు.

అసలు జవాబు ఆపరేషన్ తర్వాత వచ్చే పాథాలజీ రిపోర్టులో ఉంటుంది. అందులో 'వైపీటీ', 'వైపీఎన్' అని రాస్తారు. 'వై' అంటే చికిత్స తర్వాత వేసిన స్టేజీ అని, 'పీ' అంటే మైక్రోస్కోపు కింద చూసి వేసిందని. 'టీ' గడ్డ కడుపు గోడలో ఎంత లోతుకు పోయిందో చెబుతుంది, 'ఎన్' లింఫు గ్రంథులకు పాకిందా అన్నది; అంకె పెరిగే కొద్దీ జబ్బు ఎక్కువ. మొదట టీ3 ఎన్1 అనుకున్నది వైపీటీ2 వైపీఎన్0గా వస్తే స్టేజీ దిగినట్టు. అయితే మొదటిది స్కాన్ చూసి వేసిన అంచనా, రెండోది కళ్లతో చూసింది. మొదటి అంచనాలో పొరపాటుంటే తగ్గుదల కూడా కొంత కాగితం మీదిదే. అందుకే కీమోకు ముందే ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రం గుండా పొట్టలోకి కెమెరా పంపి చూడటం) చేసి, పొట్ట కడిగిన నీళ్లలో క్యాన్సర్ కణాలున్నాయేమో చూడటం మేలు.

రిపోర్టులో మొదట చూడాల్సింది ఎన్. గడ్డ ఎంత కరిగిందన్న గ్రేడు కూడా ఉంటుంది. బెకర్ పద్ధతిలో 1ఎ అంటే ఏమీ మిగల్లేదు, 1బి అంటే పది శాతంలోపు, 2 అంటే పది నుంచి యాభై, 3 అంటే అంతకు మించి. కానీ ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కీమో ఇచ్చి చూసిన బ్రిటన్ మ్యాజిక్ ట్రయల్ నమూనాలను మళ్లీ పరిశీలించినప్పుడు, ఆయుష్షును స్వతంత్రంగా సూచించింది గ్రంథుల స్థితే. కడుపులో గడ్డ పూర్తిగా పోయి గ్రంథిలో మాత్రం మిగిలిన వైపీటీ0 వైపీఎన్1 రిపోర్టులూ వస్తాయి. అది పూర్తి గెలుపు కాదు. కణాలు లేకుండా జిగురు మాత్రమే మిగిలితే దాన్ని మిగిలిన క్యాన్సర్‌గా లెక్కించరు.

ఇప్పుడు ఎక్కువగా ఇచ్చే కీమో ఫ్లాట్ అనే నాలుగు మందుల కలయిక: ఒంటి విస్తీర్ణం చదరపు మీటరుకు డోసిటాక్సెల్ 50 మి.గ్రా., ఆక్సాలిప్లాటిన్ 85, ల్యూకోవోరిన్ 200, 24 గంటల పాటు ఎక్కే 5-ఎఫ్‌యూ 2600. రెండు వారాలకోసారి, ఆపరేషన్ ముందు నాలుగు, తర్వాత నాలుగు. జర్మనీలో 716 మందితో చేసి 2019లో ప్రచురించిన ట్రయల్‌లో మధ్యస్థ ఆయుష్షు పాత మందులతో 35 నెలలు, ఫ్లాట్‌తో 50. కానీ ఎనిమిదీ పూర్తి చేసినవాళ్లు సగం కన్నా తక్కువే. కడుపు తీశాక తట్టుకోవడం కష్టం కాబట్టి ముందు నాలుగూ వేళకు పడాలి.

వాయిదా పడేది ఎక్కువగా తెల్లకణాలు పడిపోయి, లేదా మనిషి చిక్కిపోయి. జ్వరం 38 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. వారం వారం బరువు రాయండి. గడ్డ దారి మూసి అన్నం దిగకపోతే పేగులోకి ఆహారపు గొట్టం వేయించుకోవడానికి జంకొద్దు. ఆక్సాలిప్లాటిన్ ఎక్కాక నాలుగైదు రోజులు ఫ్రిజ్ నీళ్లు, చల్లటి మజ్జిగ వద్దు, గొంతు పట్టేసినట్టవుతుంది.

అందరికీ ఒకేలా కరగదు. మైక్రోస్కోపు కింద కణాలు ఉంగరాల్లా కనిపించే సిగ్నెట్ రింగ్ రకం మొండిది. డీఎన్ఏలో తప్పులను సరిదిద్దుకునే శక్తి పోయిన ఎంఎస్ఐ-హై గడ్డల మీద మామూలు కీమో అంతంతమాత్రం, రోగనిరోధక శక్తిని ఉసిగొలిపే ఇమ్యునోథెరపీకి బాగా లొంగుతాయి. కాబట్టి ఎంఎస్ఐ పరీక్ష కీమో మొదలయ్యే ముందే మొదటి బయాప్సీ మీద చేయించాలి.

చివరిగా గ్రంథుల లెక్క. '0/9' (తొమ్మిది గ్రంథులు చూస్తే ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేదు) అని చూసి ఊరట పడొద్దు, కనీసం 16 గ్రంథులు చూస్తేనే ఎన్0 మాటకు బలం. తక్కువ దొరికితే ఫార్మాలిన్‌లో ఉన్న నమూనా పారేయకముందే, మిగిలిన కొవ్వులో మళ్లీ వెతకమని పాథాలజీ విభాగాన్ని అడగండి.