కూచీ దారిలో ఆగిన బస్సు

వియత్నాంలో సైగాన్ (ఇప్పటి హోచిమిన్ సిటీ) నుంచి, అమెరికాతో యుద్ధంలో గెరిల్లాలు దాక్కున్న కూచీ సొరంగాలకి హాఫ్ డే టూర్ తీసుకున్నవాళ్ళకి తెలుసు, బస్సు తిన్నగా అక్కడికి పోదు. కమీషన్ ఇచ్చే హోటల్ దగ్గరే టిఫిన్‌కి ఆపే మన ట్రావెల్స్ బస్సుల్లాగే మధ్యలో ఒక హస్తకళల షెడ్డు దగ్గర దింపేస్తారు. ధరలన్నీ డాలర్లలో, అరచేతిలో పట్టే లక్కపూత డబ్బా కూడా చూసి పక్కన పెట్టేసే రేటు. ఒళ్ళు మండిపోయింది.

లోపల వరసగా బల్లలు. ఒకతను నల్ల పలక మీద బాతుగుడ్డు పెంకులు అతికిస్తున్నాడు. ఎడమచేతి వేళ్ళు కలిసిపోయి ఉన్నాయి, అందుకని పలకని మోచేత్తో అదిమి, కుడిచేత్తో పట్టకారు పట్టి గోరంత పెంకు పెట్టి, పగుళ్ళు వచ్చేలా మెల్లగా తట్టి, మళ్ళీ ఇంకోటి. ఆ చెయ్యి యుద్ధం వల్లే అలా అయిందన్నాడు గైడ్. యుద్ధం 1975లో అయిపోయింది కదా, ఇతనికి ముప్పై కూడా ఉండవే అన్నాను. వాళ్ళ నాన్న ఆ అడవుల్లో ఉన్నాడండీ అన్నాడు గైడ్.

అడవిలో శత్రువు దాక్కోకుండా ఆకులు రాల్చాలని అమెరికా 1962 నుంచి 1971 దాకా విమానాల్లోంచి దాదాపు 8 కోట్ల లీటర్ల కలుపుమందులు చల్లింది. అందులో సగానికి పైగా ఏజెంట్ ఆరెంజ్, అంటే 2,4-డి, 2,4,5-టి సగం సగం. మొదటిది మా ఊరి పురుగుమందుల కొట్లో ఇప్పటికీ అమ్ముతారు. అసలు విషం రెండోదాన్ని తయారుచేసేటప్పుడు పుట్టే డయాక్సిన్. అది నీళ్ళలో కరగదు, చెరువు బురదలో ఉండిపోయి చేపల్లోకి, బాతుల్లోకి, తిన్నవాళ్ళ కొవ్వులోకి ఎక్కుతుంది. ఒంట్లోంచి సగం పోవడానికే ఏడేళ్ళకు పైగా పడుతుంది, ఈలోగా తల్లిపాలతో బిడ్డకీ చేరుతుంది.

పిల్లల అవకరాలకి ఇదే కారణమా అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, ఆ మాట నిజమే. కానీ వియత్నాంలో పనిచేసిన తన సైనికుడికి షుగర్ వచ్చినా, పార్కిన్సన్స్ వచ్చినా, ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చినా ఆ మందు వల్లే అనుకుని అమెరికా పరిహారం ఇస్తుంది, రుజువు అడగదు. 2022లో బీపీని కూడా ఆ జాబితాలో చేర్చారు. అదే, వియత్నాం బాధితులు ఆ మందు తయారుచేసిన కంపెనీల మీద వేసిన దావాని న్యూయార్క్ కోర్టు 2005లో కొట్టేసింది. యుద్ధంలో ఆ మందు నిల్వచేసిన దనాంగ్ విమానాశ్రయంలో మట్టిని బాగా వేడిచేసి శుభ్రం చేయడానికి మాత్రం అమెరికా డబ్బులిచ్చింది, 2018లో ఆ పని పూర్తయింది, తర్వాత సైగాన్ పక్కనే ఉన్న బియన్ హోవాలో మొదలుపెట్టారు. మట్టికి దొరికిన పరిహారం మనిషికి దొరకలేదు, ఇదెక్కడి న్యాయమో!

సొరంగాల సంగతి అందరూ రాసేశారు, ఉక్కపోత, నడుం నొప్పి, అంతే. అక్కడ తూటాకింత అని డబ్బు కట్టి ఏకే-47 పేల్చే చోటు ఉంది, మా బస్సులోవాళ్ళు సగం మంది అక్కడే లైన్ కట్టారు. షెడ్డులో రేట్లు ఎక్కువని గొణిగింది కూడా వాళ్ళే, నాతో కలిసి.