బాల్మొరే ఊటల్లో పప్‌ఫిష్

పడమటి టెక్సస్‌లో కొమాంచీ స్ప్రింగ్స్ పప్‌ఫిష్ అనే చిన్న చేపని చూడాలంటే ఆ పేరున్న ఊటల దగ్గరికి వెళ్ళి లాభం లేదు. మేం ముందు ఆగింది అక్కడే, ఫోర్ట్ స్టాక్టన్‌లో. పొలాలకు మోటార్లతో భూగర్భజలం తోడేయడంతో 1950ల్లో ఆ ఊటలు వట్టిపోయాయి. దిగువ రైతులు కోర్టుకెక్కితే, ఎవరి నేల కింది నీళ్ళు వాళ్ళు తోడుకోవచ్చని 1954లో తీర్పొచ్చింది. పక్క పొలంలో లోతు బోరు పడితే మన బావి ఏమవుతుందో అనంతపురం రైతుకు చెప్పక్కర్లేదు. ఆ ఊళ్ళో ఈ చేప పూర్తిగా పోయింది.

ఇప్పుడిది మిగిలింది పడమరగా ఎనభై కిలోమీటర్ల పైన ఉన్న బాల్మొరే చుట్టుపక్కలే. అక్కడి స్టేట్ పార్కులో శాన్ సాలమన్ ఊట మీదే పెద్ద ఈతకొలను కట్టారు. నడిమధ్య లోతు పాతిక అడుగులు, నీళ్ళు ఏడాది పొడవునా 22–24 డిగ్రీలు. వేసవిలో టికెట్లు అయిపోతాయి, ముందే బుక్ చేసుకోవాలి.

చాలామంది లోతులోకి దూకి, చేప కనబడలేదంటారు. దీన్ని వెతకాల్సింది గట్టు వెంబడి, లోతు తక్కువున్న చోట, అడుగునున్న నాచు మీద. మాస్క్ పెట్టుకుని కదలకుండా తేలాలి. కాళ్ళు ఆడిస్తే మడ్డి లేచి ఏమీ కనబడదు. రెండంగుళాల చేప. మగదాని ఒంటినిండా నల్లటి చుక్కలు, నిలువు చారలుండవు. మేం చూసినది చారెడు నాచుని తనదిగా పట్టుకుని, ఇంకో మగది దగ్గరికొస్తే తరుముతోంది. ఆడది గుడ్లు పెట్టేది ఆ నాచులోనే, అందుకే అంత కాపలా. దాని మీద కాలు పెట్టకండి. నీటిపైన నోరు పైకెత్తి తిరిగేవి గాంబూజియా చేపలు. తోకదాకా నల్లచార ఉన్న వెండి చేపలు మెక్సికన్ టెట్రాలు. పాదాలు కొరికేవి ఈ టెట్రాలే.

సన్‌స్క్రీన్ పూసుకుంటే అదంతా ఊటలో కలుస్తుంది, పొడుగు చేతుల ఈత చొక్కా నయం. ఈత రానివాళ్ళకు, పార్కులోనే పునరుద్ధరించిన సియనెగా చిత్తడిలో నీటిలోపలికి చూసే కిటికీ ఉంది.

కొలను నీళ్ళు కాలవల్లో పొలాలకు పారతాయి. కాలవ కట్టేస్తే అందులోని పప్‌ఫిష్ మడుగుల్లో చిక్కి చస్తాయి. బాల్మొరే చెరువులో ముప్పు వేరు. బయటినుంచి వచ్చిన షీప్స్‌హెడ్ మిన్నో అనే చేప దీనితో జతకట్టి సంకరజాతి పుట్టించింది. అక్కడ గాలం వేసేవాళ్ళు మిగిలిన ఎర చేపల్ని నీళ్ళలో కుమ్మరించకూడదు.