నీళ్లు లేని రేవు

అడిస్ అబాబా నుంచి అదామా వెళ్లే దారిలో మోజో అనే ఊరుంది. ఇథియోపియాకు పెద్ద పోర్టు అక్కడే. క్రేన్లు, కస్టమ్స్ ఆఫీసు, ఒకదాని మీద ఒకటి పేర్చిన కంటైనర్లు, బయట కాఫీ తాగుతూ లారీ డ్రైవర్లు. విశాఖ పోర్టు పక్కన మన కాన్వెంట్ జంక్షన్ దగ్గరి సందడే. సముద్రం ఒక్కటే లేదు. అది ఏడెనిమిది వందల కిలోమీటర్ల అవతల, అదీ వేరే దేశంలో.

విశాఖ నుంచి ఇంజినీరింగ్ పాఠాలు చెప్పడానికి వెళ్లిన మాస్టార్లలో నేనొకణ్ని. మా ల్యాబ్‌లో టెస్టింగ్ మెషిన్‌కి లోడ్ సెల్, అంటే బలం కొలిచే భాగం, పోయింది. అరచేతిలో పట్టే వస్తువు. ముందు ఎల్‌సీకి, అంటే అమ్మేవాడికి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీకి, డాలర్లు దొరకాలి, బ్యాంకులో అదో క్యూ. తర్వాత ఓడ పక్క దేశం జిబూటీ రేవుకు చేరాలి, అక్కడ దింపాలి, లారీ ఎక్కాలి, మోజోలో క్లియరెన్స్ కావాలి. స్టోర్‌కీపర్‌ని అడిగినప్పుడల్లా రిజిస్టర్ తెరిచి ఒకే మాట మీద వేలు పెట్టేవాడు: జిబూటీ. ఆ సెమిస్టర్‌ పిల్లలకి పాత బ్యాచ్ రీడింగులిచ్చి గ్రాఫులు గీయించాను. మా తెలుగువాళ్లలో అదో జోకైపోయింది. "ఏం మాస్టారూ, జీతం పడలేదా?" అంటే "జిబూటీలో ఉంది" అనేవాళ్లం.

నవ్వుకున్నాం గానీ, వాళ్లకది నవ్వులాట కాదు. 1993లో ఎరిత్రియా విడిపోయినప్పుడు తీరమంతా అటే పోయింది. అయినా కొన్నేళ్లు అక్కడి అస్సాబ్ రేవునే వాడుకున్నారు. 1998లో యుద్ధం రావడంతో ఆ దారీ మూతపడింది. అప్పటినుంచి 12 కోట్ల పైచిలుకు జనమున్న దేశం, విశాఖ అంత జనం కూడా లేని జిబూటీ మీద ఆధారపడింది. పక్కింటి పెరట్లోంచి వీధిలోకి వెళ్లినట్టే. నూటికి తొంభై వంతుల పైగా సరుకు అటునుంచే. ఎరువైనా, డీజిలైనా ఆ కిరాయి కలుపుకునే ఊళ్లోకి వస్తుంది.

అలాగని సముద్రం ఉంటే చాలదు. ఎరిత్రియాకు మస్సావా, అస్సాబ్ రెండూ ఉన్నాయి. ఇథియోపియా సరుకు ఆగిపోయేసరికి అస్సాబ్ వెలవెలబోయింది. మన డాల్ఫిన్ నోస్ మాత్రం? ఆ కొండ ఎప్పటినుంచో ఉంది. రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు పడి, మధ్య పరగణాల మాంగనీసుకు దారి దొరికాకే 1933లో హార్బర్ తెరుచుకుంది. తర్వాత బైలడిల్లా ఇనుప ఖనిజం కిరండూల్ లైన్‌లో దిగి జపాన్‌కు వెళ్లింది. భీమిలికీ సముద్రముంది, డచ్చివాళ్ల కాలంలో ఓడలూ వచ్చేవి. రైలు అటు వెళ్లలేదు. వన్‌టౌన్‌లో మా బంధువులు బాల్కనీలో బొగ్గు పొడి ఊడ్చుకుంటూ పోర్టుని తిడుతుంటారు. తిట్టడంలో తప్పేం లేదు, ఆ పొడి నిజమే. కానీ ఊరికి తిండి పెట్టిందీ ఆ పోర్టే.

నేపాల్‌ది ఇంకో కథ. వాళ్లకు చాలాకాలం కోల్‌కతా, హల్దియాలే దిక్కు. 2016లో విశాఖకూ అనుమతి వచ్చాక కంటైనర్లు ఇక్కణ్నుంచి రైల్లో బీర్‌గంజ్ వెళ్తున్నాయి. ఒక రేవు మొరాయిస్తే ఇంకో రేవుందన్న ధీమా చిన్నది కాదు.

ఇథియోపియా వెతుకుతున్నదీ అదే. 2024 జనవరిలో, సోమాలియా నుంచి విడిపోయామని చెప్పుకునే సోమాలిలాండ్‌తో సముద్రపు దారి కోసం ఒప్పందం రాసుకుంది. నేనప్పటికే విశాఖ వచ్చేశాను. "సర్, మాకు సముద్రం వస్తోంది" అని పాత స్టూడెంట్ మెసేజ్ పెట్టాడు. అది తన భాగమేనని సోమాలియా భగ్గుమంది. ఆ డిసెంబర్‌లో తుర్కియే మధ్యలో ఉండి రాజీ కుదిర్చింది. సరుకు మాత్రం ఇంకా జిబూటీలోనే దిగుతోంది.