కొండపల్లి బురుజు దగ్గర రెడాన్

విజయవాడ బస్టాండు నుంచి గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా కొండపల్లికి బస్సు ఛార్జీ ఏమంత కాదు. అక్కణ్ణుంచి కోటకు ఘాట్ రోడ్డు ఎక్కించడానికి ఆటోవాళ్లు చెప్పే రేటే గుండె గుభేలుమనిపిస్తుంది. బేరమాడి పొద్దున్నే ఎక్కేయాలి, పదకొండు దాటితే రాయి కాలిపోతుంది. మూడంతస్తుల కట్టడం అందరూ చూసేదే. నన్ను కదలనివ్వనిది ఒక బురుజు. తిన్నగా ఎదురొచ్చేవాడికి అది గోడ, పక్కనుంచి వాలు పట్టుకుని వచ్చేవాడికే దారి.

గోల్ఫ్‌లో నేనెరిగిన పార్-3 హోల్స్‌లో, అంటే మూడు దెబ్బల్లో బంతిని గుంతలో వేయాల్సిన వాటిలో, గొప్పదైన రెడాన్ లెక్క కూడా ఇదే. స్కాట్లండ్‌లో నార్త్ బెర్విక్ వెస్ట్ లింక్స్ మైదానంలో 15వ హోల్ అది. రెడాన్ అంటే శత్రువు వైపు ముక్కులా పొడుచుకొచ్చిన కోట మూల. క్రిమియా యుద్ధంలో సెవస్టోపోల్ దగ్గర అలాంటి దాని మీదికి 1855లో బ్రిటిష్ సైన్యం రెండుసార్లు దండెత్తి, రెండుసార్లూ వెనుదిరిగింది.

దూరం సుమారు 190 గజాలు. గ్రీన్, అంటే గుంతా జెండా ఉండే నున్నటి గడ్డి, ఐమూలగా, ముందు కుడి నుంచి వెనక ఎడమకు సాగుతుంది. వాలూ అటే. ఎడమ ముందంచున లోతైన బంకర్, అంటే ఇసుక గుంట. మధ్యలో గట్టు అడ్డం, మొదటి దెబ్బ కొట్టే టీ నుంచి గ్రీన్ సరిగా కనపడదు. జెండా వెనక ఎడమన ఉందని బంకర్ మీదుగా సూటిగా కొడితే, బంతి దిగువకు వాలే నేల మీద పడి గ్రీన్ వెనక అంచు దాటి జారిపోతుంది. గ్రీన్ కుడి భుజం మీద, అంటే కుడివైపు ఎత్తు మీద దింపాలి, కుడి నుంచి ఎడమకు వంపు తిరిగే డ్రా అయితే మరీ మంచిది. మిగతా పని వాలే చేస్తుంది. మరీ కుడికి పోతే మాత్రం చిప్, అంటే గ్రీన్ మీదికి వేసే పొట్టి దెబ్బ, ఎంత మెత్తగా వేసినా ఆగదు. నమ్మకం లేనివాడు ముందు కుడి మూలకు కాస్త ఇవతలే ఆపుకోవాలి, అక్కణ్ణుంచి గ్రీన్ పొడుగునా చిప్ దొరుకుతుంది. ఎదురుగాలి బంతిని నిలబెడుతుంది. వెనకగాలిలో గ్రీన్‌కు ముందే దింపి దొర్లించుకోవాలి.

ఫ్లోరిడా సాగ్రాస్ 17వ హోల్‌లో నీళ్ల మధ్య గ్రీన్ ఉంది. భయపెడుతుంది, నిజమే. కానీ అక్కడ బంతి గట్టున పడాలి, లేదా మునగాలి. రెడాన్‌లో బలహీనుడికీ ఒక తోవ ఉంది. నాకు అదే గొప్ప.

కోట పైనుంచి కృష్ణ వైపు చూస్తే మన నేలలో ఇలాంటి రెడాన్ హోల్ ఎలా కట్టాలన్న ఆలోచనే. నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, నీటిని పోనివ్వదు. నేల మెత్తబడితే బంతి పడ్డచోటే కూలబడుతుంది, రెడాన్ చచ్చిపోతుంది. అందుకే గ్రీన్ కింద పది సెంటీమీటర్ల కంకర, దాని మీద ముప్పై సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం కావాలి. కుడి భుజం కిందా ఇసుక పరవాలి, చాలామంది మరిచేది అక్కడే. గడ్డికి దిగులక్కర్లేదు, బెర్ముడా అంటే మన గరికే. కాకపోతే వానాకాలంలో ఆ భుజం మీద కోత ఒక్క వారం తప్పినా బంతి దొర్లదు.